నా చేతులకి తగిలించిన ఊలు

మెడకి వెచ్చగా కౌల్, అదే గుండ్రటి మఫ్లరు, అల్లుకుందామని ఊలు తెచ్చుకున్నాను. ఒకటి పండుటాకు పసుపు, ఇంకోటి మామిడి చిగురు ఎరుపు. కట్ట విప్పగానే ఆ ఊలు వాసనకి అమ్మ గుర్తొచ్చింది.

మన నూజివీడులో చలెక్కడిదండీ, డిసెంబరులో పొద్దున్నే చర్చికి నడిచేంతసేపే కదా! ఆ కాస్తకే అమ్మ క్రోషా సూది పట్టేది. ముందు ఊలు కట్టని నా రెండు చేతులకీ తగిలించి, తను ఎదురుగా కూర్చుని ఉండ చుట్టేది. మీరూ అలా చేతులు చాపి కూర్చున్నవాళ్ళేనా? పక్క మామిడితోటలో పిల్లల కేకలు వినపడేసరికి నా చేతులు వాలిపోయేవి.

"చేతులు దించకే, అయిపోవచ్చింది," అనేది. ఎంతకీ అయ్యేది కాదు.

అమ్మ పోయాక మళ్ళీ అల్లడం ఇదే. ఊలు కుర్చీ వీపుకి తగిలించి చుట్టుకున్నాను. కుర్చీ కదల్లేదు, విసుక్కోలేదు.

ఎంత తొందరగా అయిపోయిందో!