బోలుగా మోగిన గోడ

నిన్న కిరాయి ఇంట్లో మేకు కొడుతుంటే గోడ బోలుగా మోగింది. నా చెయ్యి ఆగిపోయింది.

గోదావరిఖనిలో నాకు ఎనిమిదేళ్ళప్పుడు బాపు తన పని గురించి చెప్పాడు. గనిలో పైకప్పును కర్రతో కొట్టి వింటారు. గట్టిగా మోగితే భయం లేదు, బోలుగా మోగితే కూలుతుంది. అప్పటినుంచి ఆయన డ్యూటీకి బయలుదేరేముందు మా క్వార్టర్ గోడను స్కేలుతో కొట్టి, ఫలితం నోటుబుక్కులో రాసేవాణ్ణి. రోజూ గట్టిగా మోగేది. రోజూ ఆయన తిరిగొచ్చేవాడు.

వానలు పడ్డ వారంలో ఒక పొద్దున బోలుగా మోగింది.

"ఇయ్యాల పోకు బాపూ, గోడ మంచిగ మోగుతలేదు."

"అది నాని పెచ్చు లేసింది రా. గోడ పేరు జెప్పి నాగా పెడితే మా సారు ఊకుంటడా?" నవ్వుతూ వెళ్ళిపోయాడు.

నేను బడికి పోలేదు. గోడ కొడుతూనే ఉన్నాను.

"ఇల్లు కూలగొడ్తవా ఏంది?" అని అమ్మ కసిరినా ఆపలేదు.

సాయంత్రం బాపు వచ్చాడు. నాకు సంతోషం కలగలేదు. వేళ్ళు మొద్దుబారాయి, లోపలా అలాగే ఉంది. నోటుబుక్కులో రాసుకున్నాను: కొడుతూ ఉంటే కూలదు.

నమ్మకం తప్పని తేలిన రోజే అది నాలో గట్టిపడింది. ఇంజనీరింగ్‌లో చేరాక కూడా, ఆయన రిటైరయ్యేదాకా, సెలవులకు వెళ్ళినప్పుడల్లా ఎవరూ చూడకుండా ఆ గోడను కొట్టాను.