పూజలో పెట్టిన జీపు తాళం

నాకు దేవుడంటే పడదని ఆ రోజుల్లో ఒక మాట పుట్టించారు. శుద్ధ అబద్ధం. ఇంట్లో దీపం పెట్టనిదే కాఫీ ముట్టని మనిషిని నేను. సర్కారు సొమ్మును దేవుడి పేరు చెప్పి కట్టిపడేస్తేనే నాకు పడదు.

డెబ్బైల చివర్లో, పెందుర్తి దాటాక ఒక చిన్న ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసేదాన్ని. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఉన్నది ఒక్క జీపు. ఆయుధపూజ రోజు దాన్ని కడిగి, బంతిపూలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. తాళాన్ని అమ్మవారి పటం ముందు పళ్ళెంలో ఉంచారు. పూలకీ గుమ్మడికాయకీ ఖర్చు ఆసుపత్రి పద్దులోదే. కొబ్బరికాయ కొట్టాల్సింది ఊరి ప్రెసిడెంటుగారు. ఆయన ఇంకా రాలేదు.

ఈలోగా పురిటినొప్పులతో ఒక అమ్మాయిని ఎడ్లబండిలో తీసుకొచ్చారు. బిడ్డ అడ్డం తిరిగింది. మావల్ల అయ్యే పని కాదు, పట్నంలో పెద్దాసుపత్రికి పంపాలి.

"ప్రెసిడెంటుగారు బయలుదేరారట, కాసేపు ఆగండి సిస్టర్" అన్నారు మా డాక్టరుగారు. ఆగాం. ఆయన జాడ లేదు. ఆ అమ్మాయి తల్లి నా చెయ్యి పట్టుకుని, "నా పిల్ల సచ్చిపోతంది, బండి తియ్యమని సెప్పమ్మా" అంది.

డ్రైవరు కదల్లేదు. "పూజలో ఎట్టిన తాళం సిస్టరమ్మా. కాయ కొట్టకండా నాను ముట్టుకోను. నాకూ పిల్లలున్నారు."

అతని భయం నాకు తెలియనిది కాదు. మా ఇంట్లోనూ పూజలో పెట్టిన పుస్తకం మధ్యలో తీయం. అయినా ఒళ్ళు మండిపోయింది. నేనే వెళ్ళి తాళం తీసి అతని చేతిలో పెట్టాను. "పాపం వస్తే నాకే రానీ. నువ్వు బండి తియ్యి" అన్నాను.

దారిలో రైలు గేటు పడింది. ఓడరేవుకు పోతున్న ఖనిజం వ్యాగన్లు ఎంతకీ తరగలేదు. ఆ అమ్మాయి బతికింది. బిడ్డ దక్కలేదు.

ప్రెసిడెంటుగారి ఫిర్యాదు మీద నన్ను జిల్లా ఆఫీసుకు పిలిచారు. "మీరు క్రిస్టియనా?" అని అడిగారు అక్కడి ఆఫీసరు. కాదన్నాను. ఆయన ముఖం వాడిపోయింది. అవునంటే సంగతి సులువుగా తెమిలేది, పాపం.

"మనవాళ్ళే ఇలా చేస్తే ఎలాగమ్మా? అమ్మవారికి అపచారం. క్షమాపణ రాసివ్వండి. అయినా బిడ్డ పోయింది రైలు గేటు వల్ల కదా?"

"ముందే బయలుదేరి ఉంటే ఆ గేటు పడేది కాదు సార్. ఆ జీపు మనవాళ్ళదీ కాదు, పరాయివాళ్ళదీ కాదు. జనానిది. క్షమాపణ రాయాల్సిందే, బిడ్డను పోగొట్టుకున్న ఆ అమ్మాయికి. ముందు ప్రెసిడెంటుగారు సంతకం పెట్టాలి, తర్వాత డాక్టరుగారు, ఆ తర్వాత మీరు. అప్పుడు నేనూ పెడతాను."

అలాంటి కాగితం ఎవరూ రాయలేదు. నన్ను ఎలమంచిలి అవతలికి బదిలీ చేశారు.