ఎజ్రా మేస్త్రి వేళ్ళు

ఉంగుటూరు చుట్టుపక్కల చేపల చెరువుల మీద ఎవరి పాత ట్రాక్టరు నీళ్ళు కారినా ఇరవై ఏళ్ళపాటు ఒకటే పేరు వినిపించేది. ఎజ్రా మేస్త్రిని పిలవండి అనేవారు. ఇంజన్లు విప్పి పరిచేసే మెకానిక్కులు తాడేపల్లిగూడెంలో కావలసినంత మంది ఉన్నారు. కానీ నీళ్ళ గొట్టాల మరలు బిగించి, చుక్క కారకుండా చెయ్యడం వేరే విద్య. దానికి ఎజ్రా హస్తవాసి మంచిదని పేరు. సామాను చూస్తే నవ్వొచ్చేది. ఒక గోనెసంచి, అందులో రెండు పైపు రెంచీలు, జనపనార ఉండ, డబ్బాలో తెల్లరంగు ముద్ద, పొట్లంలో ముగ్గుపిండి.

ముగ్గుపిండి ఎందుకంటే, జాయింటు బిగించాక దాన్ని పొడిగుడ్డతో తుడిచి పైన కాస్త పిండి చల్లేవాడు. ఆవగింజంత చెమ్మ ఊరినా అక్కడ పిండి నల్లబడుతుంది. పది నిమిషాలు చూసి, పిండి తెల్లగానే ఉంటే సంచి భుజానికి తగిలించుకునేవాడు. ఆ ముగ్గుపిండి పొట్లం చూసినప్పుడల్లా భార్య కృపమ్మ ఆటపట్టించేది. "చర్చికెళ్ళే ఇల్లని మన గుమ్మంలో ముగ్గు పెట్టం గానీ, మీరు మాత్రం ఊళ్ళో గొట్టాలన్నిటికీ పెట్టొస్తారు" అనేది.

చెరువుల మీద ట్రాక్టర్ల సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. పొలంలో దున్నే వయసు దాటిపోయాక ట్రాక్టరు చెరువుగట్టు మీదికి వస్తుంది. అక్కడ దాని పని పంపు తిప్పడం. రేడియేటరు అప్పటికే చిల్లులు పడి ఉంటుంది కాబట్టి పీకి అవతల పారేస్తారు. పంపు తోడే నీళ్ళలోంచే సన్నటి గొట్టం ఒకటి ఇంజన్ పక్కకి తీసుకొచ్చి బిగిస్తారు. చెరువు నీళ్ళు ఇంజన్లో తిరిగి, పైనుంచి మళ్ళీ చెరువులో పడతాయి. ఆ నీళ్ళు తిరిగినంతసేపూ ఇంజన్ చల్లగా ఉంటుంది. ఇంజన్ పొద్దస్తమానం వణుకుతూనే ఉంటుంది గనక గొట్టం వంపు తిప్పే ఎల్బోల దగ్గర మరలు వదులై కారడం మొదలవుతుంది. కారడం ఎక్కువైతే ఇంజన్‌కి నీళ్ళందక కాలిపోతుంది. పంపు ఆగిందంటే చేపల ప్రాణం మీదికొచ్చినట్టే.

ఎజ్రా ఈ పని నేర్చుకున్నది ఏలూరు జూట్ మిల్లులో, శేషగిరిరావు అనే ఫిట్టరు దగ్గర. ఆయన మహా కోపిష్టి. "రెంచి బలం చూపించకు. నార కొరికిందా లేదా అన్నది నీ వేళ్ళకి తెలియాలి. కొరికాక ఒక్క వెంట్రుకవాసి కూడా తిప్పకూడదు" అని వీపు మీద చరిచి మరీ చెప్పేవాడు. నారని విడదీసి, మరల్లో సర్ది, తెల్లరంగు ముద్ద పట్టించి ఎల్బో బిగిస్తుంటే ఒకచోట లోపల నార గట్టిగా పట్టుకున్నట్టు చేతికి తెలుస్తుంది. అక్కడ ఆగాలి. ఆగకపోతే పోత ఇనుము పగులుతుంది. ఇరవై ఏళ్ళలో ఎజ్రా చేతిలో ఒక్కటీ పగల్లేదు.

ఆ చేతికి జబ్బు చేసిందన్న సంగతి ఎజ్రాకి మొదట చర్చిలో తెలిసింది. ఆదివారం వాక్యం చదివే వంతు అతనిదే. బైబిలు కాగితాలు పల్చగా ఉంటాయి కదా, ఒక పేజీ తిప్పాననుకుంటే మూడు తిరిగేవి. ఒకసారి కీర్తన సగంలో ఉండగా పేజీ తిప్పి ఇంకేదో కీర్తన చదువుకుంటూ పోయాడు. కళ్ళజోడు మార్చుకోవాలి మేస్త్రిగారూ అని అందరూ నవ్వారు. ఎజ్రా కూడా నవ్వాడు. కళ్ళు బాగానే ఉన్నాయని అతనికి తెలుసు. వేళ్ళ కింద కాగితం ఉందో లేదో తెలియడం లేదు.

ఏలూరు ఆస్పత్రిలో షుగరన్నారు, నరాలు మొద్దుబారాయన్నారు, మందులు వాడితే ఇంకా ముదరకుండా ఉంటుంది గానీ పోయిన స్పర్శ రావడం కష్టమన్నారు. ఈ సంగతి కృపమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

"ఇంక మానెయ్యండి. పిల్లలు స్థిరపడ్డారు, మనిద్దరికీ ఏం కావాలి?" అంది కృపమ్మ.

"మానేసి ఏం చెయ్యమంటావే? ఈ చుట్టుపక్కల నన్ను ఎజ్రా అని పిలిచేవాళ్ళు ఎంతమంది? మేస్త్రీ అని పిలుస్తారు. ఆ పని పోతే నేనెవర్ని?"

ఆ రోజు నుంచి కృపమ్మ నారని పాయలు పాయలుగా విడదీసి, సన్నగా దువ్వి, ఉండలు చుట్టి సంచిలో పెట్టేది. తను చెయ్యగలిగింది అదే.

నార విడదీసి ఇచ్చినా మరల్లో సర్దాల్సింది ఎజ్రా వేళ్ళే. అవి మాట వినడం మానేశాయి. నార ఒకచోట ముద్దకట్టేది, ఇంకోచోట అసలుండేది కాదు. రెండు మూడు చోట్ల ముగ్గుపిండి నల్లబడింది. ఎవరూ చూడకుండా విప్పి మళ్ళీ బిగించాడు. చివరికి ఒకరోజు తాడేపల్లిగూడెంలో, ఇన్నాళ్ళూ వెక్కిరించిన, నారకి బదులు మరలకి చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు కొన్నాడు. దాన్ని చుట్టడానికి వేళ్ళల్లో నేర్పేమీ అక్కర్లేదు. పాస్టరుగారికి కనిపించకుండా చుట్టలు దాచుకునేవాళ్ళలాగా దాన్ని సంచి అడుగున దాచాడు.

రెండువేల ఏడు అక్టోబరులో అల్పపీడనం పట్టుకుంది. మూడు రోజులు ఎండ మొహం లేదు. అలాంటప్పుడు చెరువు నీళ్ళలో గాలి తగ్గిపోయి చేపలు తెల్లవారేసరికి పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. వెంటనే పంపు ఆడించి నీళ్ళు పైనుంచి పడేలా కొట్టాలి. లేకపోతే చెరువు మొత్తం పోతుంది.

తెలతెలవారుతుండగా కనకరత్నం చెరువు కాపలా పాపారావు సైకిలేసుకుని వచ్చాడు. "మేస్త్రిగారండీ, చేపలు తేలిపోతున్నాయండి. ఎల్బో కాడ నీళ్ళు చిమ్మేత్తన్నాయి, ఇంజన్ కాగిపోతాంది. అమ్మగారు తొరగా రమ్మన్నారండి."

కనకరత్నానికి నాలుగెకరాల చెరువు. ఆమె భర్త ప్రసాదరావు పోయి రెండేళ్ళయింది. ఆడమనిషి చెరువు చెయ్యడమేమిటి, కౌలుకిచ్చెయ్యమని మరుదులు రోజూ పోరుతున్నారు. ఈ ఒక్క పట్టుబడి చూసి అప్పుడు మాట్లాడండని ఆమె గడువు అడిగింది. ఇంకో పది రోజుల్లో వల వెయ్యాలి. బొచ్చె చేపలు కిలోన్నర దాటాయి. ఆ చేపలు దక్కితే చెరువు ఆమెది, లేకపోతే లేదు. ఈ సంగతి ఎజ్రాకి తెలుసు. ఆ ట్రాక్టరుకి గొట్టాలు బిగించింది కూడా అతనే, ప్రసాదరావు పక్కన నిలబడి రెంచి అందిస్తుంటే.

ఎజ్రా పాపారావు సైకిలు వెనక కూర్చుని గట్టు మీదికి చేరేసరికి నీళ్ళ మీద లెక్కలేనన్ని నోళ్ళు. ఆ చప్పుడు విన్నవాళ్ళు మరిచిపోలేరు. ఇంజన్ ఆపించి, ఎజ్రా ఎడమచేత్తో ఎల్బో పట్టుకుని రెంచి వేశాడు. ఇంజన్ అప్పటిదాకా ఆడి కాగి ఉంది. ఎల్బోని అలాగే పట్టుకుని తిప్పి ఊడదీశాడు.

పక్కన నిలబడ్డ కనకరత్నం "మేస్త్రిగారూ" అని ఆగిపోయింది. తన భుజం మీది తువ్వాలు నీళ్ళలో ముంచి ఇచ్చింది. "చెయ్యి తుడుచుకోండి" అంది. గ్రీజు అంటుకుందేమో అనుకుని ఎజ్రా తుడుచుకున్నాడు.

ఆమె ఆ చెయ్యి వంకే చూసింది. "పోనీ, గూడెం ఫోన్ చెయ్యమంటారా అండి? అక్కడి మెకానిక్కు మోటార్ సైకిలు మీద ముప్పావుగంటలో వచ్చేస్తాడు. మీకూ సాయంగా ఉంటాడు."

"నేనుండగా గూడెం ఎందుకండి అమ్మగారూ? పావుగంటలో ఆడించేస్తాను" అన్నాడు ఎజ్రా.

ఆమె తడి తువ్వాలు తీసుకుని పక్కకి జరిగింది.

ముందు నార తీశాడు. కృపమ్మ దువ్వి ఇచ్చిన పాయ వేళ్ళ మధ్య ఉందో జారిందో తెలియలేదు. మొదటి చుట్టు జారింది, రెండోది ముద్దకట్టింది. నీళ్ళల్లో చేపల చప్పుడు ఎక్కువవుతోంది. నార పక్కన పడేసి, సంచి అడుగునుంచి టేపు తీసి గబగబా అయిదారు చుట్లు చుట్టాడు. చూడ్డానికి ఎంత అందంగా ఉందో! ఎల్బో ఇంజన్ పక్కనున్న పోత ఇనుము మూతిలో పెట్టి తిప్పితే నూనె రాసినట్టు లోపలికి వెళ్ళింది. రెంచి వేసి ఒక చుట్టు తిప్పాడు. ఇంకొకటి. నార అయితే ఈపాటికి కొరికేది. టేపు కొరకదు, జారుతూనే ఉంటుంది. ఎక్కడ ఆగాలో వేళ్ళు చెబుతాయేమోనని చూశాడు. వేళ్ళు ఏమీ చెప్పలేదు. కారుతుందేమోనన్న భయంతో ఇంకో అరచుట్టు లాగాడు.

టక్ మంది. అది చేతికి తెలియలేదు, చెవికి వినపడింది.

మూతి అడ్డంగా పగిలింది. చీలిక ఇంజన్ ఒంట్లోకి పోయింది. సైకిలు ట్యూబు చీల్చి చుట్టి కట్టారు. ఇంజన్ తిప్పగానే అది ఊడి చిమ్మింది. పాపారావు బిందెలతో నీళ్ళు పోస్తుంటే అయిదు నిమిషాలు ఆడి, కాగి, ఆగిపోయింది. పాపారావు అవతలి చెరువు వాళ్ళని బతిమాలడానికి పరిగెత్తాడు. వాళ్ళ చేపలూ తేలుతున్నాయి, వాళ్ళ పంపు ఆపి ఎలా ఇస్తారు? వాళ్ళ నీళ్ళు తేరుకుని ఇంజన్ ఇచ్చేసరికి రెండు గంటలైంది.

ఆ రెండు గంటలూ ఎజ్రా గట్టు మీద నిలబడే ఉన్నాడు. ముందు బొచ్చెలు తిరగబడ్డాయి, తర్వాత శీలావతులు. కనకరత్నం చీర కుచ్చెళ్ళు దోపుకుని నడుంలోతు నీళ్ళలోకి దిగి, చేతులతో నీళ్ళు ఎగజిమ్ముతూ చెరువు అంచు వెంట తిరిగింది. చేతులతో నాలుగెకరాలకి గాలి ఎక్కించగలిగిన మనిషి ఎవరుంటారు? ఆమెకి ఆ సంగతి తెలియదా! ఊరికే నిలబడలేకపోయింది. చివరికి చెరువంతా తెల్లగా పొట్టలే కనబడ్డాయి.

మధ్యాహ్నానికి జనం చేరారు. ఎలా జరిగిందని అడిగిన ప్రతివాళ్ళకీ కనకరత్నం ఒకటే చెప్పింది. "పాత ఇనుమండి. ఎప్పుడో అప్పుడు పగిలేదే. మేస్త్రిగారిది తప్పేముంది?"

ఆ మాట విని ఎజ్రాకి తల కొట్టేసినట్టయింది. రెంచీలు సంచిలో వేసుకుని గట్టు దిగాడు. ఇంటికి వచ్చాక కృపమ్మ చెయ్యి చూసి కెవ్వుమంది. ఎడమ అరచెయ్యి నిండా బొబ్బలు.

పదిరోజులు ఎజ్రా గుమ్మం దాటలేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. ఆదివారం చర్చిలో వాక్యం వేరేవాళ్ళు చదివారు. కనకరత్నం చెరువుని మరుదులు కౌలుకిచ్చేశారని పాపారావు వచ్చి చెప్పిన రోజు సాయంత్రం కృపమ్మ కండువా తెచ్చి భర్త చేతిలో పెట్టింది.

"వెళ్ళి చెప్పి రండి. మీరు చెప్పకపోతే ఇది మిమ్మల్ని తినేస్తుంది."

కనకరత్నం తన ఇంటి అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. ఎజ్రాని చూసి లేచి నిలబడింది. ఎప్పటిలాగే "రండి మేస్త్రిగారూ, కూర్చోండి" అంది.

ఎజ్రా కూర్చోలేదు. "అది ఇనుము తప్పు కాదండి అమ్మగారూ" అన్నాడు. "నాదేనండి. నా వేళ్ళకి స్పర్శ లేదు. ఏడాదై లేదు. బిగువు తెలియలేదు నాకు. మీకు ముందే చెప్పి గూడెం మనిషిని పిలిపించాల్సింది. సిగ్గుపడి చెప్పలేదండి. మీ చెరువుని నేనే చంపేశాను."

కనకరత్నం చేట పక్కన పెట్టింది.

"నాకు తెలుసండి" అంది.

ఎజ్రా తలెత్తాడు.

"మీరు ఎల్బో పట్టుకున్నప్పుడు మీ చెయ్యి కాలుతుంటే చూశానండి. వాసన కూడా వచ్చింది. మీకు తెలియడం లేదని అర్థమైపోయింది. అందుకే గూడెం ఫోన్ చెయ్యనా అన్నాను. నేనుండగా ఎందుకన్నారు మీరు. ఆయనున్న రోజుల్నుంచి మా గట్టు మీదికొస్తున్న మనిషి, పాపారావు ముందు మీకింక చేతకాదని ఎలా అంటానండి? మీరు బాధపడతారనిపించింది. నోరు పెగల్లేదు."

"అనాల్సిందండి అమ్మగారూ" అన్నాడు ఎజ్రా.

"అవునండి" అంది కనకరత్నం. "మీరూ చెప్పాల్సింది."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉండి, నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఎజ్రా తట్టుకునేవాడే. వెళ్ళొస్తానండి అని తిరగబోయాడు. కాఫీ తాగి వెళ్ళండి అంది ఆమె. తాగే ప్రాణం లేదు, వద్దనడానికి మొహమాటం. అరుగు చివర కూర్చున్నాడు.

కనకరత్నం లోపలినుంచి రెండు గ్లాసులు తెచ్చింది. పొగలు కక్కుతున్న కాఫీని అక్కడే నిలబడి ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి తిరగబోసింది. నాలుగైదు సార్లు తిరగబోసి, గ్లాసు తన చెంపకి ఆనించి చూసుకుని, బాగా చల్లారిందని నమ్మకం కుదిరాక అతని చేతికిచ్చింది. ఎజ్రా ఆ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, తల వంచుకుని ఏడ్చాడు.