రొంటిన దోపుకున్న గుండె మందు

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొన్నేళ్ళకు, నేను ఆయాగా చేస్తున్న ఆసుపత్రికి మద్రాసు నుంచి కొత్త సూదిమందు వచ్చింది. మత్తు ఇచ్చే డాక్టరమ్మ దాన్ని మా అందరికీ చూపించింది.

"ఇది ఇస్తే కడుపు కండలు మెత్తబడతాయి, ఈథరు మత్తు తక్కువ చాలు. కాకపోతే ఊపిరి పీల్చే కండలు కూడా వదులవుతాయి. రబ్బరు సంచి నొక్కుతూ మనమే గాలి పంపాలి."

తిరనాళ్ళకు పోతున్నంత సంబరం మాకు. ఆ మందు మొదట మా అత్తకే. ఆమె కడుపులో గడ్డ మెలిపడింది, ఆగడానికి లేదు.

అత్తకు గౌను తొడుగుతుంటే, రొంటిన దోపుకున్న పొట్లం చేతికి తగిలింది. గుంటూరు డాక్టరు గుండెదడకు ఇచ్చిన మాత్రలు.

"ఇయ్యి మింగుతున్నట్టు డాక్టరమ్మకు చెప్పావా అత్తా?"

"నీకేమన్నా పిచ్చా? ఒక డాక్టరు మందు మాట ఇంకో డాక్టరు కాడ ఎత్తితే హస్తవాసి చెడుద్ది. నోరు మూసుకోని గౌను కట్టవే."

మా మాచవరంలో అందరిదీ అదే మాట. నేనూ నమ్మినదాన్నే. కట్టాను. బల్లను లోపలికి తోశారు. తలుపు మూసుకున్నాక తట్టింది: ఊపిరిని పట్టే మందు, గుండెను పట్టే మందు, రెండూ ఒకే ఒంట్లోనా! విప్పిన చీరలోంచి పొట్లం లాగి, ఆయాలు దాటకూడని ఆ తలుపు తోసుకుని పరిగెత్తాను.

"ఆగండమ్మగారూ! మా అత్త ఇయ్యి మింగుతోంది. పొద్దున కూడా మింగింది!"

డాక్టరమ్మ సిరంజి కింద పెట్టి పొట్లం మీది రాత చదివింది. నాకప్పుడు అక్షరం ముక్క రాదు.

"క్వినిడిన్! దీని మీద సూదిమందు మామూలు మోతాదు ఇచ్చుంటే, వదులైన కండలు ఎంతకూ కోలుకునేవి కావు. సూది మానేసి ఈథరే పెంచుదామంటే గుండె తట్టుకోదు." సిరంజిలోని మందులో చాలా భాగం పక్కకు తీసేసింది. "నువ్వు ఇక్కడే ఉండు. నేను సంచి ఆపినప్పుడు ఛాతీ తనంతట లేస్తే చెప్పు."

ఆ పిసరంత మందుకే కడుపు వెన్నలా మెత్తబడిందట. గడ్డ తీశారు, కుట్లు వేశారు. ఛాతీ మాత్రం లేవలేదు. డాక్టరమ్మ నొక్కుతూనే ఉంది. ఆపి చూస్తుంది, మళ్ళీ నొక్కుతుంది. నా చెయ్యి అత్త ఛాతీ మీదే ఉంది. ఉన్నట్టుండి అరచేతి కింద చిన్న కదలిక!

"లేచింది! అమ్మగారూ, లేచింది!" అని అరిచేశాను. ఎవరూ కసరలేదు.

సాయంత్రం అత్త కళ్ళు తెరిచింది. "చూశావా? నువ్వు నోరు మూసుకోబట్టే బతికాను." నడుము తడుముకుంది. "నా పొట్లం ఏదే?"

"డాక్టరమ్మ కాడుంది అత్తా."

తడుముతున్న చెయ్యి ఆపి, దుప్పటి పైకి లాక్కుంది.

"అయితే మళ్ళీ మాత్ర ఎప్పుడెయ్యాల్నో ఆమెనే అడిగిరా, పో."