ఇసుక దులిపిన లెన్సు

మా బావ తన చూపు పాడైందని నమ్ముతున్నాడు. పాడు కాలేదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఏళ్లుగా ఈ మాట నాలుక చివరిదాకా వస్తోంది, నేను మింగేస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకైనా చెప్పగలుగుతున్నాను.

లక్సెట్టిపేటలో మాకొక ఫొటో స్టూడియో ఉంది. మాకు అంటున్నాను గాని, పెట్టింది బావ. మా అక్క భర్త. నాకు కెమెరా పట్టుకోవడం నేర్పింది ఆయనే. తలంబ్రాలప్పుడు ఎక్కడ నిలబడాలో, ఫొటో అంటే ముడుచుకుపోయే ముసలమ్మలను ఏం చెప్పి నవ్వించాలో, అన్నీ ఆయన దగ్గర చూసి నేర్చుకున్నవే. చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్లి కుదిరినా, ముహూర్తం పెట్టించుకోగానే బావకు ఫోన్ వచ్చేది. నాకు కాదు. ఈ ముక్క ఎందుకు చెబుతున్నానో తర్వాత మీకే అర్థమవుతుంది.

బావ దగ్గర ఒక మంచి లెన్సు ఉండేది. నన్నూ వాడుకోనిచ్చేవాడు, ఒక్క షరతు మీద. గోదావరి ఇసుకలోకి తీసుకుపోకూడదు. ఎండాకాలం నీళ్లు తగ్గి ఇసుక తిన్నెలు బయటపడితే పెళ్లికి ముందు ఫొటోల కోసం జంటలన్నీ అక్కడికే వస్తాయి. వాటికి మేము పాత లెన్సే వాడేవాళ్లం.

ఒక ఎండాకాలం బావ పని మీద ఆదిలాబాద్ వెళ్లాడు. ఆ రోజు నాకు ఒక జంట ఉంది. ఆ అమ్మాయి ఫోన్‌లో ఎవరివో ఫొటోలు చూపించి, వెనకాల అంతా మసగ్గా ఉండి తమ ముఖాలు మాత్రం తేటగా రావాలంది. పాత లెన్సుతో అలా రాదు. రాదని చెప్పడానికి నాకు నామోషీ అనిపించింది. అంతకు మించి కారణం ఏమీ లేదు. బావ లెన్సు తీసుకుపోయాను. తిన్నె మీద గాలి లేచింది. లెన్సు మార్చబోతుంటే చెమట చేతిలోంచి జారి ఇసుకలో బోర్లా పడింది.

పైన ఉన్న ఇసుక ఊదితే పోయింది. లోపలికి వెళ్లింది పోలేదు. రింగు తిప్పితే కరకరమంది, అన్నంలో రాయి పంటికింద పడ్డట్టు. హైదరాబాద్‌లో బాగుచేసేవాళ్లున్నారు. అక్కడికి పంపితే బావకు తెలుస్తుంది. కాబట్టి మొబైల్ షాపు నుంచి చిన్న స్క్రూడ్రైవర్లు తెచ్చి, ఫోన్‌లో ఎవరో చేసిన వీడియో చూస్తూ నేనే విప్పాను. కాగితం మీద ఒక్కొక్క ముక్కే పేర్చాను. మెత్తటి బ్రష్‌తో ఇసుక దులిపాను. మళ్లీ బిగించాను. రింగు నూనె రాసినట్టు తిరిగింది.

కాగితం మీద ఒక రేకు మిగిలింది. ఉంగరంలా గుండ్రంగా, ఉల్లిపొర అంత పలుచగా ఉంది. దేని కింద పెట్టాలో గుర్తు రాలేదు. మళ్లీ విప్పుదామనుకుంటుండగా బస్సు దిగానని బావ ఫోన్ చేశాడు. ఆ రేకును పాత ఫిల్మ్ డబ్బాలో వేసి బీరువాలో వెనక్కి తోశాను.

తర్వాతి పెళ్లికి బావ అదే లెన్సు తీసుకెళ్లాడు. కెమెరా చిన్న తెర మీద ఫొటోలు బాగానే కనిపించాయి. కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూస్తే ఎడమ వైపు నిలబడ్డవాళ్ల ముఖాలు అలుక్కుపోయినట్టున్నాయి. ఆ తర్వాతి పెళ్లిలోనూ అంతే. అప్పుడు అడిగాడు.

"తమ్మీ, గీ లెన్స్ ఏడన్న కింద వడ్డదా?"

"లేదు బావా. మంచిగనే ఉంది."

"మంచిగుంటె గిట్లెందుకు వస్తది? ఎడమ దిక్కు అంత మసక మసక."

"నువ్వే ఫోకస్ జర చూసుకోవాలె. ఇటియ్యి, నేను తీసి చూపిస్త."

ఆగాల్సింది అక్కడే. నేను ఆగలేదు. అక్కను గుమ్మం ముందు, మంచి ఎండలో నిలబెట్టాను. ఫ్రేములో కుడివైపు ఉండేలా చూసుకున్నాను. లెన్సులోకి వెలుతురు వచ్చే రంధ్రాన్ని, అంటే అపెర్చర్‌ను, బాగా తగ్గించాను. అలా తీస్తే ఎంత పాడైన లెన్సయినా తప్పు దాచుకుంటుంది. ఇది నాకు నేర్పింది కూడా బావే. ఫొటో అద్దంలా వచ్చింది. "నా ముడుతలు గూడ కనవడుతున్నయ్ గదరా" అని అక్క నవ్వింది.

బావ ఆ ఫొటోను చాలాసేపు చూశాడు.

"అయితె నా కండ్లేరా," అన్నాడు.

లెన్సు జారిపోవడం పొరపాటు. దాచడం భయం. మరి ఈ ఫొటో ఏమిటి? భయంతోనే తీశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కానీ భయపడ్డవాడి చెయ్యి వణకాలి కదా? నా చెయ్యి వణకలేదు. అంత నిదానంగా అంతకుముందు ఎప్పుడూ ఒక ఫొటో తీయలేదు.

బావ కరీంనగర్ వెళ్లి కంటి డాక్టరుకు చూపించుకున్నాడు. డాక్టరు దగ్గరి చూపుకు చిన్న నంబరు అద్దాలు రాసి, మిగతా అంతా బాగుందన్నాడు. ఆ అద్దాలతో ఇంకో పెళ్లి తీశాడు. మళ్లీ అదే మసక. పెళ్లికూతురి నానమ్మ ముఖమే సరిగా రాలేదని పిల్ల తండ్రి స్టూడియోకి వచ్చి గొడవపడ్డాడు. బావ చేతులు జోడించాడు. "తప్పు నాదే పటేలా. కండ్లు ఆనుతలేవు" అన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. గోడకేసి చూశాను.

ఆ సాయంత్రమే కెమెరా తీసి నా మెడలో వేశాడు.

నేను వేరే లెన్సు కొన్నాను. నా ఫొటోలు బాగా వచ్చాయి. దాంతో లోపం బావ కళ్లదేనని ఊరికి కూడా నమ్మకం కుదిరింది. పెళ్లి కుదిరినవాళ్లు నాకు ఫోన్ చేయడం మొదలుపెట్టారు. సంతోషించానా? సంతోషించాను. ఇది రాయకపోతే మిగతాదంతా రాసి లాభం లేదు.

సొంత కూతురి పెళ్లి ఫొటోలు కూడా బావ తీయలేదు. పుస్తె కట్టే సమయానికి పీటల మీద నుంచే నాకు చేత్తో సైగ చేశాడు, జర ఎడమకు జరగమని. జరిగాను. ఆ ఆల్బంలో అందరూ మెచ్చుకున్న ఫొటో అదే.

ఇప్పుడు ఆయన కౌంటర్ దగ్గర కూర్చుంటాడు. నేను తీసిన ప్రతి ఫొటో ఆయన చూశాకే బయటికి వెళుతుంది. ఏ మూల ఎవరి కనురెప్ప అదిరిందో చెబుతాడు. కళ్లు ఆనని మనిషికి ఇవన్నీ ఎలా కనిపిస్తున్నాయని ఇంట్లో ఎవరూ అడగలేదు. నేనైతే అడగను. ఆ రోజు గుమ్మం ముందు నేను తీసిన అక్క ఫొటో ఫ్రేములో వాళ్లింటి గోడకు ఉంది. తన ఫొటోల్లో అదే ఆమెకు ఇష్టం. భోజనానికి పిలిస్తే నేను ఆ గోడకు వీపు పెట్టి కూర్చుంటాను.

ఇవాళ పొద్దున బావ బీరువా సర్దుతూ ఇసుకలో పడ్డ ఆ లెన్సు బయటికి తీశాడు. రింగు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎంత మెత్తగ తిరుగుతుందిరా. ఇంత మంచి లెన్స్ నా చేతుల ఆగమైంది. కండ్లు మంచిగున్నోళ్లకు ఎవరికన్న ఇయ్యి," అన్నాడు.

తీసుకున్నాను. ఆయన అన్నానికి ఇంటికి వెళ్లాక కౌంటర్ దగ్గర ఆయన కూర్చునే కుర్చీ ముందు నిలబడి మెల్లగా అన్నాను: "ఇసుకల వడ్డది బావా. నేనే విప్పిన. నీ కండ్లకు ఏం కాలే."

ఖాళీ కుర్చీకి చెప్పడం ధైర్యం కాదని తెలుసు. ఆయనకు చెబుతానా? చెబుతానని మీకు మాట ఇవ్వలేను. పోయిన పెళ్లిళ్లు ఆయనకు తిరిగి రావు, కూతురి పెళ్లి అసలే రాదు. అయినా ఆ మూడు ముక్కలూ నా గొంతుతో నేను వినడం ఇదే మొదటిసారి. ఛాతీలో కొంచెం చోటు దొరికినట్టుంది. అది పోకముందే ఇదంతా రాశాను.

ఇప్పుడు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. బావ అన్నం తిని వస్తున్నాడు. అద్దాలు పెట్టుకోలేదు. అంత దూరాన, వీధి చివరి నుంచే నన్ను గుర్తుపట్టి చెయ్యి ఊపుతున్నాడు.