బీగంచెవి కనబడలేదు

నాకు కోపం ఎక్కువ. ముప్పై ఏళ్లు తెలుగు మీడియం పిల్లలకు పాఠాలు చెప్పినవాడికి కోపం రాకుంటే ఎట్లా? కానీ ఆ మూడు నెలలు నా కోపమంతా ఒక కారు మీద పోయింది. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఆ కారు తప్పు ఆవగింజంత కూడా లేదు.

మా ఇల్లు అత్తిముగంలో. నా భార్యకు మూత్రపిండాలు రెండూ చెడిపోయాయి. సోమవారం, గురువారం పదకొండింటికి హోసూరులో డయాలిసిస్. వేళకు చేరకపోతే ఆ మంచం మీదికి తర్వాతి మనిషిని ఎక్కిస్తారు. పాపం, వాళ్లదీ ప్రాణమే కదా. బస్సులో పోయి వస్తే ఆమెకు వాంతులు, ఆటోలో పోతే నడుం విరిగినంత నొప్పి. అందుకే ఎవరో వాడిన హైబ్రిడ్ కారు ఒకటి కొన్నాను. అందులో పెట్రోలు ఇంజనూ ఉంటుంది, కరెంటు మోటారూ ఉంటుంది. తాళం దూర్చి తిప్పే పని లేదు. మేం బీగంచెవి అనే తాళంచెవి జేబులో ఉంటే బండి తనే కనిపెట్టుకుంటుంది. బటన్ నొక్కితే చప్పుడు రాదు, కుదుపు ఉండదు. ఎదురుగా ‘రెడీ’ అని పచ్చ అక్షరాలు వెలుగుతాయి, అంతే.

మొదటిరోజు ఎక్కి కూర్చుని నా భార్య చాలాసేపు చెవి రిక్కించి వింది. “ఇది బతికుండాదో లేదో ఎట్ల తెలిసేది? ముక్కు కాడ వేలు పెట్టి చూడల్లనా?” అంది. ఆ తర్వాత ప్రతిసారీ ఆ పచ్చ అక్షరాలు చూసి, “రెడీ అంట, పోనీయండి” అనేది. రోగం వచ్చాక ఆమె నవ్వుతూ అన్న మాటలు తక్కువ. అందులో అదొకటి.

కారు కొన్న కొత్తలో కుందారపల్లి దగ్గర హైవే మీద ఒక బండి నుజ్జునుజ్జయి పడి ఉండడం ఆమె కళ్లారా చూసింది. ఆ వారమే బేరిగైలో ఒక పూజారి దగ్గరికి పోయి వచ్చింది. వచ్చి, బీగంచెవికి ఎర్రగుడ్డతో చిన్న సంచి కుట్టింది. కుట్టడమంటే నాలుగు పక్కలా మూసి కుట్టేసింది. తలుపు తెరవాలంటే గుడ్డ మీదినుంచే తడుముకుని నొక్కాలి.

“లోపల ఏం పెట్టినావు?” అన్నాను.

“మీకెందుకు? ఎగతాళి చేస్తారు. ఇది పరాయోళ్ల చేతికి పోకూడదు, అంతే.”

“కారుకూ తాయెత్తు కట్టినావా? రేపు ఫ్రిజ్జుకు కూడా కట్టు!”

ఆమె దారం కొరికి, మూట నా చేతిలో పెట్టింది. నేనూ ఆ మూటను అట్లే జేబులో వేసుకున్నాను. మనిషి అంత బాధలో ఉంటే ఏమని వాదించను?

ఏడాది బాగానే నడిచింది. తర్వాత మొదలైంది పీడ. ఒకరోజు బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. బీగంచెవి కనబడలేదని ఇంగ్లీషులో ఒక ముక్క వెలిగి ఆరిపోయింది. జేబులోనే ఉంది కదా! దిగి, ఎక్కి, మళ్లీ నొక్కితే ‘రెడీ’ వచ్చింది. ఆ తర్వాత పది రోజులు ఏమీ లేదు. మళ్లీ ఒక సోమవారం అదే కథ. ఎప్పుడు మొండికేస్తుందో, ఎప్పుడు కదులుతుందో తెలియదు. గురువారం వస్తుందంటే బుధవారం రాత్రే పోయి బటన్ నొక్కి చూసేవాణ్ణి.

హోసూరులో సర్వీసు సెంటరుకు తీసుకుపోయాను. అక్కడ బండ్లు చూసే పెద్ద మెకానిక్కు నా దగ్గర ఏడో తరగతి చదివినవాడు. చూడగానే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “అయ్యవారూ, ఈడికి మీరే వచ్చినారా? ఫోన్ చేసింటే నేనే వద్దునే!” అన్నాడు. పక్కనున్నవాళ్లకు నన్ను చూపించి నవ్వుతూ చెప్పాడు. “చిన్నప్పుడు నా చేతికి తాయెత్తు ఉంటే, క్లాసులో అందరి ముందర ఈ అయ్యవారే కత్తెరతో కత్తిరించేసినారు. మూఢనమ్మకమని గంటసేపు పాఠం చెప్పినారు. ఇంటికి పోతే మాయమ్మ నన్ను చావగొట్టింది.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అప్పుడు నా చేతిలో ఉన్నది ఎర్రమూట కాదు. పరాయి చేతికి పోకూడదు కదా, అందుకని అల్మారాలో ఉన్న రెండో బీగంచెవి తెచ్చాను. దానితో బండి మొదటిసారికే స్టార్టయింది. సర్వీసుకు పోతున్నామని తెలిసి బుద్ధిగా ఉందే, దొంగముండాకొడుకు బండి, అని దారంతా తిట్టుకుంటూ వచ్చాను కానీ, ఎందుకని ఆలోచించలేదు.

వాడు ఆ చెవిని అటూ ఇటూ తిప్పి చూశాడు. “అయ్యవారూ, దినామూ మీరు వాడేది ఇదేనా?” అని అడిగాడు.

ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. కాదప్పా, వేరే ఉంది, దానికి మా ఇంటామె మూట కట్టింది అని. కానీ ఆ నవ్వులింకా నా చెవుల్లో ఉన్నాయి.

“అదే,” అన్నాను.

వాడు నమ్మాడు. అయ్యవారు చెబితే నమ్మకేం చేస్తాడు? బీగంచెవి బాగుందన్నాడు. బండిలో ఉన్న చిన్న బ్యాటరీ పాతబడిందని అది మార్చాడు. పోయేటప్పుడు ఒక ఉపాయం చెప్పాడు. “ఇంకోతూరి అట్లయితే చెవిని బటన్‌కు ఆనించి నొక్కండి. చెవిలో బ్యాటరీ బిళ్ల నీరసమైపోయినా బండి ఎత్తుకుంటుంది.”

మూడు వారాలు గడిచాయి. ఆ గురువారం పొద్దున్నే నా భార్యకు ఆయాసంగా ఉంది. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టలేదు. తొమ్మిదిన్నరకే ఆమెను కారులో కూర్చోబెట్టి బటన్ నొక్కాను. రాలేదు. మళ్లీ నొక్కాను. దిగి ఎక్కాను. మూటను బటన్‌కు ఆనించి నొక్కాను. దానికీ రాలేదు. టైరును కాలితో తన్నాను. అంతటితో ఊరుకోలేదు. “నీ మూటలూ నీ ముడుపులూ! ఏం కాపాడింది ఇది?” అని ఆమె మీద అరిచాను. వీధిలో వాళ్లు తలుపులు తీసి చూశారు.

“అరవొద్దండి,” అంది ఆమె, రొప్పుతూ. “మీకు బీపీ ఉండాది.”

రెండో బీగంచెవి అల్మారాలో, నాకు పదడుగుల దూరంలో ఉంది. నాకు తోచనే లేదు. చెవి బాగుందని వాడు చెప్పేశాడు కదా. నా అనుమానమంతా బండి మీదే.

అంబులెన్సు దూరంలో ఉందన్నారు. ఆటో దొరికి, హోసూరు చేరేసరికి పన్నెండు దాటింది. మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. ఇంకోటి ఖాళీ అయ్యేలోపు ఆమెకు ఊపిరాడలేదు. ఐసీయూలోకి తీసుకుపోయారు. శనివారం ఆమె ప్రాణం పోయింది. ఆలస్యం వల్లనే అని చెప్పలేము, గుండె అప్పటికే బలహీనంగా ఉంది అన్నాడు డాక్టరు. మంచివాడు. ఆ మాట నాకోసమే చెప్పాడేమో.

కర్మలన్నీ అయ్యాక కారు అమ్మేద్దామని నా శిష్యుడికి ఫోన్ చేశాను. వాడు అత్తిముగం వచ్చాడు. నాతో ఏం మాట్లాడాలో తెలియక, “బీగంచెవి ఇయ్యండి అయ్యవారూ, బండి చూస్తాను” అన్నాడు. ఎర్రమూట ఇచ్చాను. వద్దనే మనిషి లేదు కదా.

వాడు దాన్ని వేళ్లతో ఒత్తి చూశాడు. “లోపల ఏందో గట్టిగా ఉండాది. కత్తెర ఉందా అయ్యవారూ?”

ఆమె కుట్టుడబ్బాలోంచి కత్తెర తెచ్చి ఇచ్చాను. వాడు ఒక్కొక్క కుట్టే కత్తిరించాడు, గుడ్డ చిరగకుండా. లోపల బీగంచెవికి ఒకపక్కగా, మడతపెట్టిన రాగిరేకు.

“ఇది అడ్డమొస్తే సిగ్నల్ బండికి పోదు,” అన్నాడు మెల్లగా. “జేబులో ఒకపక్క తిరిగితే పోతుంది, ఇంకోపక్క తిరిగితే పోదు. బిళ్ల కొత్తదిగా ఉన్నన్నాళ్లు ఎట్లో పోయింటుంది. మరి ఆ పొద్దు మీరు నాకిచ్చింది...”

నేను నేలకేసి చూస్తున్నాను.

“ఇది కాదప్పా,” అన్నాను. “అబద్ధం చెప్పినాను. నీ ముందర సిగ్గయింది.”

వాడు రాగిరేకు మడత విప్పాడు. మీద ముగ్గులాంటి గీతలు, వాటి కింద నా పేరు, నా నక్షత్రం, మా ఊరు. రెండు పక్కలా తిప్పి చూశాడు.

“అమ్మగారి పేరు లేదే,” అన్నాడు.

రెండు చేతులతో దాన్ని నా అరచేతిలో పెట్టి, ఉత్త బీగంచెవి తీసుకుని కారెక్కాడు. బటన్ నొక్కాడు. రెడీ. ఆపి మళ్లీ నొక్కాడు. రెడీ. ఖాయం చేసుకోవాలని కాబోలు, నొక్కుతూనే ఉన్నాడు. ప్రతిసారీ వచ్చింది.

“చాలప్పా,” అన్నాను. “ఆపు.”