అంబమ్మ సాలు

ప్రేమల ఇప్పటికీ నా కొట్టుకు వస్తుంది. అడిగిన సామాను ఇస్తాను, మాట మాత్రం కలపను. దుబల్గుండిలో కిరాణా కొట్టు పెట్టుకున్నవాడికి ఇంత పౌరుషం పనికిరాదని మా ఆవిడ సణుగుతుంది. సణగనీ. అంబమ్మకు జరిగిన అన్యాయం నా కొట్టు అరుగు మీదే జరిగింది.

అంబమ్మ ఆడకూలీల గుంపుకు పెద్ద. సోయా కోతకు దిగితే ఆమెదొక కట్టుబాటు ఉండేది. తన సాలు, అంటే తన వంతు వరస, ముందు కోసేసిన మనిషి ఒడ్డెక్కి కూర్చోకూడదు. వెనకబడ్డదాని సాలులోకి ఎదురుగా దిగి కోయాలి. అందరూ ఒకేసారి ఒడ్డెక్కాలి. ప్రేమల వేరే ఇంటికి కొత్త కోడలిగా వచ్చి, కడుపుతో, వాచిన కాళ్ళతో కూలికి వచ్చిన ఏడాది ఆమె సాలులో సగం అంబమ్మే కోసింది. ఆసామి భీమ్‌రావ్‌కు ఆ సంగతి తెలియనే తెలియదు.

మగవాళ్ళకిచ్చే రోజుకూలి ఆడవాళ్ళకు ఇవ్వరని అంబమ్మకు ఒళ్ళుమంట. అదే కోత, అదే ఎండ, మరి కూలి ఎందుకు తక్కువ? పోయిన ఏడాది ఆమె భీమ్‌రావ్ ముందు నిలబడి గుత్త అడిగింది.

“రోజు లెక్క వద్దు పటేలా. ఎకరానికి ఇంతని ఇయ్యి. ఆడోళ్ళు కోసిండ్రా, మగోళ్ళు కోసిండ్రా అని ఎకరం అడగదు.”

భీమ్‌రావ్ నవ్వి ఒప్పుకున్నాడు. ఎంతమంది వచ్చినా ఇచ్చేది అంతే కదా, ఆయనకేం పోయింది! గుంపు చేతికి నిజంగానే ఎక్కువ డబ్బు వచ్చింది. అంబమ్మ మురిసిపోయింది. పాపం, ఒకటి చూసుకోలేదు. ఎకరం డబ్బును మనుషులకు పంచాలి. ఒక మనిషి తగ్గితే మిగతావాళ్ళ వాటా పెరుగుతుంది. అంబమ్మ మోకాళ్ళేమో అప్పటికే మొండికేస్తున్నాయి. వెనకబడ్డ ఆమె సాలులోకి ఎవరూ ఎదురు దిగలేదు.

ఈసారి కోతలు మొదలైన రోజు కూలీలను పొలానికి తీసుకెళ్ళే టెంపో నా కొట్టు ముందు ఆగింది. అంబమ్మ ఎక్కబోతే, ముందే ఎక్కిన ప్రేమల జరగకుండా కూర్చుంది.

“జాగా లేదత్తా, రేపు చూద్దాం.”

మర్నాడూ అదే మాట. అయినా అంబమ్మ రోజూ పొద్దున్నే కొడవలి, జొన్నరొట్టెల మూట పట్టుకుని వచ్చి నా అరుగు మీద కూర్చునేది. చూడలేక, “ఎందుకక్కా ఈ తిప్పలు?” అని ఒకసారి విసుక్కున్నాను.

“ప్రేమలకు నేనంటే పాణం సిద్దయ్యా. ఏదో పరేశాన్ల ఉంది, గంతే,” అంది.

ఒక పొద్దున బీదర్ నుంచి భాగ్యజ్యోతి అనే అమ్మాయి వచ్చింది. కూలి రేట్ల మీద పరిశోధన చేస్తోందట. టెంపో కోసం ఎదురుచూస్తున్న ఆడవాళ్ళను అరుగు మీద కూర్చోబెట్టి అడిగింది.

“గుత్త వచ్చినంక అందరి ఆమ్దానీ పెరిగిందా అక్కా?”

“అందరిదీ పెరిగింది,” అంది ప్రేమల.

“గుంపులకెళ్ళి ఎవరన్నా పోయిండ్రా?”

ప్రేమల తలెత్తలేదు. “అంబమ్మత్త ఒక్కతె. మోకాళ్ళు నొస్తున్నయని ఆమెనే మానేసింది.”

అంబమ్మ అదే అరుగు చివర కూర్చుని ఉంది. లేచి వచ్చి తన మూటను ప్రేమల ముందు పెట్టింది.

“మానేసినదాన్నయితే రోజూ ఈ రొట్టెలెందుకు కట్టుకొస్తున్ననే?”

ఆమె చేతి కింద పని నేర్చుకున్నవాళ్ళే అందరూ. ఒక్కతంటే ఒక్కతి ఆమె పక్షాన మాట్లాడలేదు. భాగ్యజ్యోతి ఏం రాయాలో తెలియక కలం పట్టుకుని అటూ ఇటూ చూసింది. అంతలో టెంపో వచ్చింది. అందరూ ఎక్కి వెళ్ళిపోయారు.

అంబమ్మ మూట విప్పింది. మధ్యాహ్నం పొలం ఒడ్డున తినాల్సిన రొట్టెలు పొద్దున్నే, అక్కడే కూర్చుని తినేసింది. నేను నీళ్ళిస్తే తాగింది. కొడవలి తీసుకుని ఇంటికి పోయింది.

మర్నాడు ఆమె రాలేదు. ప్రేమల చెప్పిన అబద్ధం ఆ రోజు నుంచి నిజమైంది.